ప్రమాదం లేని నెలకు బహుమతి ఇవ్వడం ఎందుకు మానుకున్నాం

హైదరాబాదు పడమటి శివారులో కడుతున్న ఒక బహుళ అంతస్తుల నివాస సముదాయానికి నేను సేఫ్టీ మేనేజరుగా వెళ్ళిన కొత్తలో, గేటు దాటగానే ఎడమ పక్కన ఒక ఆకుపచ్చ బోర్డు ఉండేది. ప్రమాదం లేకుండా గడిచిన రోజులు అని తెలుగులోనూ హిందీలోనూ రాసి, రోజూ పొద్దున్నే అంకె మార్చడానికి కింద మూడు గళ్ళు వదిలారు. ఆ బోర్డు నాకంటే ముందు నుంచీ ఉన్నదే గానీ, దానికి బహుమతి తగిలించినవాణ్ణి మాత్రం నేనే. నెలంతా ఎవరికీ దెబ్బ తగలకుండా పని చేసిన ముఠాకు నెలాఖరు ఆదివారం మటన్ బిర్యానీ విందు, ఆ ముఠా మేస్త్రికి అయిదు వేల రూపాయల నగదు అని ప్రకటించాను. మొదటి రెండు నెలలూ విందులు ఘనంగా జరిగాయి, ఫొటోలు హెడ్డాఫీసుకు వెళ్ళాయి, నాకూ మంచి పేరే వచ్చింది.

మూడో నెలలో, బోర్డు మీద 112 అని ఉన్న రోజున, ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి వచ్చిన ఒక సెంట్రింగ్ కార్మికుడు ఆరో అంతస్తులో స్లాబు కింది పలకలు ఊడదీస్తూ, పక్కకు పడేసిన చెక్కలోంచి పైకి పొడుచుకొచ్చిన మేకు మీద కాలు వేశాడు. అరిగిపోయిన బూటు అడుగును చీల్చుకుని మేకు పాదంలోకి దిగింది. పక్కనున్నవాళ్ళు దాన్ని లాగేసి, అతన్ని గదికి మోసుకుపోయి, నూనెలో పసుపు కాచి పట్టించి గుడ్డ కట్టి, మర్నాడు జ్వరమని చెప్పి సెలవు రాయించారు. ప్రథమ చికిత్స గది లిఫ్టు దిగితే వంద అడుగుల దూరంలో ఉన్నా, టీటీ ఇంజెక్షను కోసమైనా ఎవరూ అక్కడికి రాలేదు. అయిదో రోజున లేబర్ కాలనీలో దోమల మందు కొట్టించడానికి వెళ్ళిన మా కుర్రాడు మూలుగు విని నాకు ఫోన్ చేసేసరికి పాదం కమిలిపోయి, చీలమండ దాకా వాచి ఉంది. ఆసుపత్రిలో కోసి చీము తీశారు. మూడు వారాలు పనికి రాలేకపోయాడు. ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో మేస్త్రిని నిలదీస్తే అతను తల వంచుకుని, "బిర్యానీ పోతుందని కుర్రాళ్ళు చెప్పలేదు సార్. వాడే అందరికంటే ముందు చెప్పొద్దన్నాడు" అన్నాడు. ఆ పొద్దున వాచ్‌మన్ బోర్డు మీద అంకెను యథావిధిగా 117కు మార్చి వెళ్ళాడు.

కార్మికులను జాగ్రత్తగా పని చేసేలా ప్రోత్సహించే పథకం తమ సైటులో ఎలా పెట్టాలని ఈ మధ్య తోటి సేఫ్టీ ఆఫీసర్లు ఇద్దరు అడిగినప్పుడు నేను ముందుగా ఈ మేకు సంగతే చెప్పాను. ముప్పై మంది విందును ఒక్కడి పాదం మీద ఆధారపడేలా పెట్టినప్పుడు, ఆ ఒక్కడు నోరు మూసుకుంటాడు. ఊరు కాని ఊళ్ళో, ఒకే గదిలో పదిమందితో పడుకుని లేచేవాడికి తోటివాళ్ళ ముఖం మాడ్చడం కంటే కాలి నొప్పి ఓర్చుకోవడమే తేలిక. బహుమతి ఎంత పెద్దదైతే దాపరికం అంత గట్టిపడుతుంది. అయిదు వేలు, బిర్యానీ చాలా ఎక్కువ అనుకునే నేను, అవి ఒక మనిషి చేత ఎంత భరింపజేయగలవో ఆలోచించలేదు.

ఈ పొరపాటు నా ఒక్కడిదే కాదు. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు తవ్వే రిగ్గు పేలి 11 మంది చనిపోయారు. సరిగ్గా ఆ రోజే బావి తవ్విస్తున్న బ్రిటిష్ చమురు సంస్థ బీపీ, రిగ్గు యజమాని ట్రాన్సోషన్ సంస్థల అధికారులు ఆ రిగ్గు మీదికి వచ్చి ఉన్నారు. పనిదినం పోయేంత గాయం ఒక్కటీ లేకుండా ఏడేళ్ళు గడిపినందుకు సిబ్బందిని అభినందించడం ఆ పర్యటన ఉద్దేశాల్లో ఒకటి. అంతకు అయిదేళ్ళ ముందు, 2005 మార్చిలో, బీపీ వాళ్ళదే టెక్సస్ సిటీ చమురు శుద్ధి కర్మాగారంలో పేలుడు జరిగి 15 మంది పోయినప్పుడు, అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ అధ్యక్షతన నియమించిన బృందం 2007లో ఇచ్చిన నివేదిక కూడా వ్యక్తిగత గాయాల లెక్క తక్కువగా ఉండడాన్ని చూసి కర్మాగారం మొత్తం భద్రంగా ఉందని సంస్థ భ్రమపడిందనే చెప్పింది. జారిపడినవాళ్ళ లెక్క చమురు బావి అడుగున పెరుగుతున్న ఒత్తిడి గురించి ఏమీ చెప్పదు. మా సైటు సంగతికి వస్తే, వేలు తెగినవాళ్ళ లెక్క సెల్లారు తవ్విన చోట నిలువుగా నిలబడ్డ మట్టి గోడ గురించి గానీ, టవర్ క్రేను తాడులో తెగిన పోగుల గురించి గానీ చెప్పదు.

అమెరికాలో పని ప్రదేశాల భద్రతను చూసే ఓషా అనే ప్రభుత్వ సంస్థ 2018 అక్టోబరులో ఇచ్చిన వివరణ నాకు పనికొచ్చింది. గాయాలు లేకపోవడానికి బహుమతి ఇవ్వడాన్ని అది నిషేధించలేదు. అయితే గాయం సంగతి చెప్పడానికి కార్మికుడు జంకే పరిస్థితి రాకుండా యాజమాన్యం అదనంగా ఏర్పాట్లు చేయాలని చెబుతూ, ప్రమాదకరమైన పరిస్థితులను గుర్తించి చెప్పినవాళ్ళకు ప్రోత్సాహం ఇవ్వడాన్ని అలాంటి ఏర్పాట్లలో ఒకటిగా పేర్కొంది. ఆ ఒక్క వాక్యం చుట్టూనే మా రెండో పథకం అల్లుకున్నాం. దెబ్బ తగలనందుకు కాకుండా, దెబ్బ తగిలే చోటును ముందే చూసి చెప్పినందుకు గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించాం. సేఫ్టీ శిక్షణల్లో 1931 నాటి హైన్‌రిచ్ త్రిభుజాన్ని, అంటే ఒక పెద్ద గాయం వెనుక 29 చిన్న గాయాలు, 300 తృటిలో తప్పినవి ఉంటాయన్న లెక్కను, ఇప్పటికీ పటం గీసి చెబుతుంటారు. ఆ అంకెలు అన్ని చోట్లా వర్తించవని వాటి మీద విమర్శ చాలానే ఉంది. నాకు అంకెలతో పని లేదు. తృటిలో తప్పినదాన్ని ముందుగా చూసేది తాపీ పట్టుకున్నవాడూ ఇనుము మోసేవాడూ తప్ప, రోజుకు రెండుసార్లు రౌండ్లు కొట్టే నేను కాదన్నది మాత్రం నిజం.

కొత్త పథకంలో మాకు అందిన మొదటి మాట మహబూబ్‌నగర్ వైపు నుంచి భర్తతో కలిసి పనికి వచ్చిన ఒక హెల్పరమ్మది. పదకొండో అంతస్తు స్లాబులో పైపులు పోవడానికి వదిలిన డక్టు మీద ప్లైవుడ్ ముక్క కప్పి ఉంచారు. దానికి మేకులు కొట్టలేదు, కింద రంధ్రం ఉందని గుర్తుగా రంగు కూడా వేయలేదు. ఆమె ఇటుకల తట్టతో దాని మీదుగా నడిచినప్పుడు చెక్క ఒక పక్కకు జరిగింది. తట్ట దించి మా సూపర్‌వైజరు దగ్గరికి వచ్చి, "సారూ, గా చెక్క కింద ఏం లేదు, ఉత్త బొంద ఉన్నది, జర చూడుండ్రి" అని చెప్పింది. మా వృత్తిలో ఉన్నవాళ్ళకు ఈ చెక్క సంగతి వెంటనే అర్థమవుతుంది. నిర్మాణంలో మనుషులు పడిపోయేది ఎప్పుడూ అంచుల నుంచే కాదు. నేల మీద పడి ఉన్న ప్లైవుడ్ ముక్క ఎందుకైనా పనికొస్తుందని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, ముందుకు అడుగు వేసి, అదే ముక్క కప్పిన రంధ్రంలోకి పోయినవాళ్ళున్నారు. చెక్క చేతిలో ఉంటే కాళ్ళ ముందు ఏముందో కనిపించదు. ఆ మధ్యాహ్నమే పదకొండు అంతస్తుల్లోని డక్టులన్నీ చూస్తే మరో ఆరు చోట్ల ఇలాగే ఉంది. అప్పటి నుంచి స్లాబు పోసేటప్పుడే డక్టుల మీదుగా ఇనుప చువ్వల జాలిని ఆపకుండా సాగనిచ్చి, పైపులు వేసే రోజున మాత్రమే కత్తిరించడం మొదలుపెట్టాం. ఇంజినీర్లకు ఇది తెలియని విద్యేమీ కాదు. అడిగేవాళ్ళు లేక ఆగిపోయిన పని.

మర్నాడు పొద్దున టూల్‌బాక్స్ మీటింగులో, అంటే పని మొదలయ్యే ముందు అందరినీ నిలబెట్టి ఆ రోజు పనిలోని ప్రమాదాలను చెప్పే పది నిమిషాల సమావేశంలో, ప్రాజెక్టు మేనేజరే స్వయంగా ఆమెను ముందుకు పిలిచి, ఆమె ఏం చూసిందో, దాని వల్ల ఏయే అంతస్తుల్లో ఏం మార్చామో చెప్పాడు. ప్రాజెక్టు మేనేజరే చెప్పడం, మర్నాడే చెప్పడం, ఈ రెండూ నేను పట్టుబట్టినవే. పొగడ్త సేఫ్టీ ఆఫీసరు నోటి నుంచి వస్తే అతని ఉద్యోగమే అది అనుకుంటారు. పని తొందరపెట్టే మనిషి నోటి నుంచి వస్తేనే దానికి బరువు. ఇక నెలాఖరు దాకా ఆగితే అసలు లాభం లేదు. సైటులో మనుషులు నిలకడగా ఉండరు. జూన్‌లో రజ పండుగకు ఒడిశా వాళ్ళు, దీపావళి తర్వాత ఛఠ్ పూజకు బీహారు వాళ్ళు, నాట్లు పడగానే మన వాళ్ళు ఊళ్ళకు వెళ్ళిపోతారు. తిరిగి వచ్చేది ఇదే సైటుకని చెప్పలేం. నెలాఖరుకు పేరు పిలిస్తే ఆ మనిషి రైల్లో ఉంటాడు.

ఏం ఇవ్వాలన్నది అడిగి తెలుసుకోవలసిన సంగతి. కంపెనీ గుర్తు వేసిన టోపీలు, కాఫీ కప్పులు మా కొనుగోలు విభాగం అప్పటికే ఆర్డరు పెట్టేసింది. టీ వేళలో మేస్త్రులతోనూ, కొందరు కార్మికులతోనూ కూర్చుంటే ఆ కప్పులు ఎవరికి కావాలని నవ్వారు. ఎక్కువమంది అడిగింది మూడు గిన్నెల స్టీలు క్యారియరు, లేకపోతే ఫోన్ రీచార్జి. మేము ఊహించనిది మాత్రం ఒకటి ఉంది: కాగితం. తన ఫొటో, పేరు, ఊరు, చేసే పని, తాను చూసి చెప్పిందేమిటో రాసి, ప్రాజెక్టు మేనేజరు సంతకంతో లామినేట్ చేసిన చిన్న కార్డు. వచ్చే సైటు గేటు దగ్గర చూపించుకోవచ్చని ఒకతను, ఇంటికి ఫొటో తీసి పంపుతానని మరొకతను అన్నారు. ఇరవై ఏళ్ళుగా ఇళ్ళు కట్టుకుంటూ వచ్చినవాడి దగ్గర, తాను కట్టినట్టు చెప్పే కాగితం ఒక్కటీ ఉండదన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. కార్డు ఖర్చు ఇరవై రూపాయలు దాటదు.

ఒకటి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ బహుమతిగా ఇవ్వకూడదు. హెల్మెటు, బూట్లు, నడుముకు గాక ఒంటికంతటికీ పట్టే బెల్టు కార్మికుడికి యాజమాన్యం ఇచ్చి తీరవలసినవి. జాగ్రత్తగా పని చేసినందుకు మెచ్చి కొత్త బూట్లు ఇచ్చిన సభను నేను మరో చోట చూశాను. చప్పట్లు కొట్టిన వందమందిలో చాలామంది కాళ్ళకు చెప్పులే ఉన్నాయి. మా గంజాం కుర్రాడి బూటు అడుగు అరిగిపోయి ఉండడం కూడా నా స్టోర్సు లెక్కల్లోని లోపమే తప్ప అతని అజాగ్రత్త కాదు.

ఇక ప్రమాదకరమైన చోట్లను చెప్పే కార్డుల కోసం పెట్టెలు పెట్టి, రాసి వేయమంటే మొదటి వారం ఖాళీగానే ఉన్నాయి. తెలుగు, హిందీ, ఒడియా, బెంగాలీ వినిపించే చోట రాయమనడమే తప్పు. బొమ్మలున్న కార్డులు చేయించి, ఏ బ్లాకు, ఏ అంతస్తు అన్న దగ్గర టిక్కు పెడితే చాలన్నాం. అంతకంటే బాగా పని చేసింది వాట్సాప్ గొంతు సందేశం. ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడి పంపుతారు, స్టోర్సులో పనిచేసే బరంపురం అబ్బాయి ఒడియా సందేశాలు విని మాకు చెబుతాడు. నెల తిరిగేసరికి కార్డులు గుట్టలుగా రావడం చూసి సంతోషించాను గానీ, ఇరవై తొమ్మిదో తారీఖున వచ్చిన నలభైకి పైగా కార్డులు ఒకే నీలి పెన్నుతో, ఒకే చేతి రాతతో, హెల్మెటు లేదు, హెల్మెటు లేదు అని ఉన్నాయి. నెలకు ఇన్ని కార్డులు రావాలని నేను సూపర్‌వైజర్లకు లక్ష్యం పెట్టిన ఫలితం అది. లక్ష్యం ఎత్తేశాక కార్డులు సగానికి పైగా తగ్గాయి, చదవడానికి పనికొచ్చేవి మిగిలాయి.

ఇంకో తప్పు కూడా మొదట్లోనే దొర్లింది. ఒకతను, పక్క ముఠాలోని మనిషి బెల్టు కొక్కెం తగిలించకుండా అంచున పని చేస్తున్నాడని పేరు పెట్టి కార్డు వేశాడు. మా సూపర్‌వైజరు వెంటనే వెళ్ళి అతన్ని కిందికి దించి సగం రోజు కూలి కోయించాడు. ఆ రాత్రి కాలనీలో రెండు ముఠాలూ కొట్టుకోబోయాయి. నిజానికి కొక్కెం తగిలించడానికి అక్కడ లైఫ్‌లైన్ తాడే కట్టలేదు. అప్పటి నుంచి కార్డులో మనిషి పేరు రాస్తే తీసుకోవడం లేదు. చోటు చెప్పాలి, వస్తువు చెప్పాలి. కార్డు వల్ల ఎవరి కూలీ తగ్గదని అన్ని భాషల్లోనూ చెప్పించాం.

కూలి మాట వచ్చింది కాబట్టి అసలు చిక్కు చెప్పాలి. ప్రమాదం కనిపిస్తే పని ఆపే హక్కు ప్రతి కార్మికుడికీ ఉందని అన్ని సైటుల గోడల మీదా రాసి ఉంటుంది. కానీ సెంట్రింగు చదరపు మీటరు లెక్కన, ఇనుము కట్టుడు టన్ను లెక్కన గుత్తకు ఇస్తారు. ఒక ముఠా సారువ, అంటే ఎత్తులో నిలబడి పని చేయడానికి కట్టే పరంజా, కర్రలు ఊగుతున్నాయని ఒక పూట పని ఆపితే, సారువ కట్టింది వేరే కాంట్రాక్టరైనా, ఆ పూట నష్టం మాత్రం ఆపిన ముఠాదే. క్యారియరు ఇచ్చి, చప్పట్లు కొట్టి, ఆ పూట కూలి ఎగ్గొడితే కార్మికుడు ఏది గుర్తుంచుకుంటాడో వేరే చెప్పనక్కరలేదు. అందుకే ఆపిన సమయాన్ని రోజు కూలి లెక్కలో కట్టి బిల్లులో చేర్చాలని అడిగాను. దీనికి కమర్షియల్ విభాగంతో నాలుగు నెలలు పట్టింది. మొత్తం పథకంలో నేను ఎక్కువ కష్టపడింది ఇక్కడే, ఎవరికీ కనిపించనిదీ ఇదే. గంట కంటే తక్కువ ఆగితే లెక్క లేదు, గంట దాటితే సేఫ్టీ విభాగం సంతకంతో హాజరు పట్టీలో పడుతుంది అన్న దగ్గర రాజీ కుదిరింది. ముఠాలు నిజంగా పని ఆపడం ఆ కాగితం వచ్చాకే మొదలైంది. కొందరు కావాలని ఆపుతారేమోనని కాంట్రాక్టర్లు భయపడ్డారు. అలాంటివి రెండు మూడు రాలేదని అనను, కానీ పడిపోయిన సారువ ఖర్చు ముందు అవి లెక్కలోకి రావు.

భవన, ఇతర నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చి, 2025 నవంబరు దాకా అమలులో ఉన్న చట్టం, 500 మంది లేదా అంతకు మించి పనివాళ్ళున్న చోట యాజమాన్యం వాళ్ళూ కార్మికుల ప్రతినిధులూ కలిసిన భద్రతా కమిటీ ఉండాలనీ, అందులో కార్మికుల సంఖ్య యాజమాన్యం వాళ్ళ కంటే తగ్గకూడదనీ చెప్పింది. చాలా చోట్ల ఈ కమిటీ రిజిస్టరులో సంతకాలకే పరిమితం. మేము కార్డులను పరిశీలించి గుర్తింపు ఎవరికివ్వాలో నిర్ణయించే పనిని ఆ కమిటీకే అప్పగించాం. ముఠాల నుంచి వచ్చినవాళ్ళు నా కంటే కఠినంగా ఉంటారని అప్పుడే తెలిసింది. గచ్చు మీద నీళ్ళు నిలిచాయన్న కార్డుకు నేను సరేనంటే, ఒక ఇనుము మేస్త్రి ఒప్పుకోక, లిఫ్టు గుంతలో వెల్డింగు తీగ తడిలో పడి ఉందని చెప్పిన కుర్రాడిదే అసలు కార్డు అని పట్టుబట్టాడు. అతనన్నదే సరైనది.

జాతీయ భద్రతా మండలి 1966లో ఏర్పడిన మార్చి 4ను మనం జాతీయ భద్రతా దినంగా జరుపుకుంటాం. ఆ వారంలో ప్రతిజ్ఞలు, నినాదాల పోటీలు, పోస్టర్ల పోటీలు ఉంటాయి. పోటీల్లో గెలిచేది సాధారణంగా ఆఫీసులో కూర్చునే ఇంజినీర్లూ వాళ్ళ పిల్లలూ. దాన్ని మానమని చెప్పను గానీ, ఆ రోజు వేదిక మీద మైకు నేను పట్టుకోవడం మానేశాను. హెల్పరమ్మ డక్టు సంగతి తన మాటల్లో చెప్పినప్పుడు విన్నంత నిశ్శబ్దంగా నా ఉపన్యాసాన్ని ఎవరూ ఎన్నడూ వినలేదు.

పథకం కుదురుకున్న మూడు నెలల్లో ప్రథమ చికిత్స రిజిస్టరు లావెక్కింది. గీసుకున్నవి, కళ్ళలో నలక పడ్డవి, మేకులు గుచ్చుకున్నవి అన్నీ వచ్చి చేరాయి. హెడ్డాఫీసు నుంచి వెంటనే ఫోన్ వచ్చింది: పథకం పెట్టాక గాయాలు పెరిగాయేమిటని. ఇవి కొత్తగా తగిలినవి కావు, ఇదివరకు పసుపు పట్టించుకున్నవి అని సమాధానం రాయడానికి నాకు రెండు పేజీలు పట్టింది. ఎంతవరకు నమ్మారో గానీ, పథకం ఆపమని మాత్రం చెప్పలేదు. ఇలాంటి పథకం పెట్టబోయేవాళ్ళు ఆ ఉత్తరాన్ని పథకంతో పాటే ముందుగా రాసి పెట్టుకుని, యాజమాన్యం చేత చదివించి ఉంచడం మంచిది.

ఆకుపచ్చ బోర్డు ఇప్పుడూ గేటు దగ్గరే ఉంది. రోజుల అంకె తీసేసి, ఏం చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎప్పుడు సరిచేశాం అని మూడు వరుసలు గీయించాం. జనం నిలబడి చూసేది మూడో వరుసనే. నిన్న సాయంత్రానికి అందులో నాలుగు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. వాటిలో ఒకటి నా వాటాకు వచ్చిన పని: రెండో సెల్లారుకు దిగే మెట్ల మీద దీపం వెలగడం లేదని తొమ్మిది రోజుల కిందట ఒక ఒడియా గొంతు పంపిన సందేశం. పొద్దున గేటు దాటుతుంటే, పాదం మానాక తిరిగి పనిలో చేరిన ఆ గంజాం కుర్రాడు బోర్డు ముందు నిలబడి, ఆ గడి వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశాడు. ఎలక్ట్రీషియన్‌ను వెంటపెట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్ళాను.